అందమైన గది గీయనివ్వకండి

పిల్లలకు కంప్యూటర్ మోడలింగ్ నేర్పాలంటే గదులు గీసే సాఫ్ట్‌వేర్‌కి మించిన దారి లేదని నా గట్టి నమ్మకం. గది వాళ్ళకి బాగా తెలిసినది. కొలవొచ్చు, అందులో తిరగొచ్చు, లెక్క తప్పితే మంచంకోడు మోకాలికి తగిలి మరీ చెబుతుంది. కానీ చాలాచోట్ల నేర్పుతున్న తీరు చూస్తే బాధేస్తుంది. పిల్లాడు సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు, పక్కనున్న జాబితాలోంచి సోఫా లాగుతాడు, టీవీ లాగుతాడు, ఓ పూలకుండీ పెడతాడు, గోడలకి నీలం రంగు వేస్తాడు. అరగంటలో సినిమా సెట్టింగులాంటి హాలు తయారు. అమ్మానాన్నలు మురిసిపోయి ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. వాడు నేర్చుకున్నదల్లా సరుకు ఎంచుకోవడం. మోడలింగ్ ఇంకా మొదలే కాలేదు.

మోడల్ అన్నాక ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. జవాబు చెప్పని మోడల్ ఎంత ముచ్చటగా ఉన్నా బొమ్మే. ఈ ఒక్క మాట పట్టుకుని వెళితే, మామూలుగా ఇచ్చే సలహాలన్నీ తిరగబడతాయి. నేను చెప్పేవి మొదట వినేవాళ్ళకి పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడంలా అనిపిస్తాయి. అయినా ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

ఉదాహరణలన్నీ స్వీట్ హోమ్ 3డి అనే సాఫ్ట్‌వేర్‌తో చెబుతాను. ఫ్రాన్స్‌కి చెందిన ప్రోగ్రామర్ ఎమాన్యుయెల్ ప్యూబరే దాన్ని తయారుచేశారు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. తెర నాలుగు భాగాలుగా ఉంటుంది: ఎడమవైపు పైన సామాన్ల జాబితా, దాని కింద మనం వాడిన సామాన్ల పట్టిక, కుడివైపు పైన ప్లాను, దాని కింద త్రీడీ దృశ్యం. ఈ నాలుగింటిలో రెండింటిని మొదట్లో మూసిపెట్టమన్నదే నా పోరు.

మొదటి రోజు కంప్యూటర్ ఆన్ చెయ్యకండి

తొలిగంట టేపుది. ఇద్దరికో కొలతల టేపు, పెన్సిలు, గళ్ళ నోటుపుస్తకం. కొలవాల్సింది వాళ్ళు రాత్రిపూట పడుకునే గదినే. బడి గదో, ఊహల గదో వద్దు. పడుకునే గది గురించి పిల్లలు అబద్ధం ఆడలేరు. రాత్రికల్లా గదే పట్టిస్తుంది.

టేపుతోనే సగం పాఠం అయిపోతుంది. ఇనప టేపు కొసన ఉండే కొక్కెం కాస్త ఊగుతుంటుంది. అది వదులైపోయిందని పిల్లలు ఫిర్యాదు చేస్తారు. దాన్ని కావాలనే అలా బిగిస్తారు. బల్ల అంచుకి తగిలించి లాగినప్పుడు కొక్కెం తన మందమంత బయటికి జరుగుతుంది. గోడకి ఆనించి తోసినప్పుడు అంతే లోపలికి జరుగుతుంది. లాగి కొలిచినా తోసి కొలిచినా సున్నా ఉండాల్సిన చోటే ఉంటుంది. తప్పు ఎక్కడ జరగొచ్చో ముందే ఆలోచించి పనిముట్టులోనే దానికి చోటు పెట్టారన్నది పిల్లలు చేత్తో ఊపి చూసి తెలుసుకోవాలి.

తర్వాత రెండు కర్ణాలూ కొలిపించండి. ఎదురెదురు గోడలు సమానంగా వచ్చినా కర్ణాల్లో తేడా ఉంటే గది మూలమట్టానికి లేదన్నమాట. తాపీమేస్త్రి ముగ్గు పోసేటప్పుడు మూడు, నాలుగు, ఐదు అడుగుల లెక్కతోనే మూల కుదుర్చుకుంటాడు. అయినా గోడ లేచి, గిలాబా పూసేసరికి అంగుళమో రెండంగుళాలో అటూఇటూ అవుతుంది. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ రెండంగుళాల వంకర కంప్యూటర్‌లోకి ఎక్కించాలా వద్దా?

జవాబు మీరు చెప్పకండి. వాళ్ళనే కొట్లాడుకోనివ్వండి. మూలలో బీరువా ఇరికించాలనుకున్న పిల్ల ఎక్కించాలంటుంది, ఫ్యాను ఎక్కడ వేలాడదీయాలని చూస్తున్న పిల్లాడు అక్కర్లేదంటాడు. ఇద్దరూ సరే. ఏది ఉంచాలో, ఏది వదిలెయ్యాలో ప్రశ్నే నిర్ణయిస్తుంది. మోడలింగ్‌లో మిగతాదంతా దీని తర్వాతే.

కలల గది అడగకండి, బీరువా అడగండి

"నీ కలల గది గీయి" అన్నది పిల్లలకి ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే చెడ్డ పని. కలలో గోడలు ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుగుతాయి, తప్పు జరిగే అవకాశమే లేదు. తప్పు జరగలేని చోట నేర్చుకునేదీ లేదు. ఔను, కాదు అని జవాబు వచ్చే ఇరుకు ప్రశ్న ఇవ్వండి. పదడుగుల చదరపు గది. ఆరున్నర అడుగుల మంచం. తలవైపు గోడకి ఆనించారు. ఎదురు గోడకి బీరువా పెట్టాలి. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా?

సెంటీమీటర్లలో లెక్క చూద్దాం. గది 305. మంచం పొడవు 198. మామూలు ఇనప బీరువా లోతు 19 అంగుళాలు, అంటే 48. మిగిలింది 59 సెంటీమీటర్లు. బీరువా వెడల్పు మూడడుగులు, రెండు రెక్కలు, ఒక్కో రెక్క 45 చిల్లర. తెరుచుకుంటుంది. పిల్లాడు గెలిచినట్టు చేతులెత్తుతాడు.

అప్పుడు వాణ్ణి ఇంటికి పంపి అమ్మని అడిగి రమ్మనండి. అమ్మ ఏమంటుందో నాకు ముందే తెలుసు. "తలుపు తెరుచుకుంటే సరిపోతుందట్రా? నేను నిలబడి చీర తీసుకోవద్దూ?" రెక్క తెరిచాక మనిషికి మిగిలేది పద్నాలుగు సెంటీమీటర్లు. మంచం మీద కూర్చుని బట్టలు తీసుకోవాలి. ఇందులో ప్రోగ్రామ్ తప్పేమీ లేదు, కొలత తప్పు కూడా లేదు. ప్రశ్న కురచది. పిల్లాడు మళ్ళీ వచ్చి, బీరువా ముందు అమ్మ నిలబడే చోటుకి కూడా ఒక పెట్టె గీస్తాడు. ఖాళీ స్థలాన్ని కూడా ఒక వస్తువుగా గీయాలన్న ఆలోచన అలా వస్తుంది. నా దృష్టిలో ఆ ఖాళీ పెట్టె నూరు త్రీడీ సోఫాలకంటే విలువైనది.

నాయనమ్మ ఊరినుంచి వస్తోంది, రాత్రిపూట మంచం దిగి బాత్రూంకి వెళ్ళడానికి అడ్డం లేని దారి ఉందా? తాతయ్యకి చక్రాల కుర్చీ వచ్చింది, గదిలో అది వెనక్కి తిరగడానికి మీటరున్నర వ్యాసంతో చోటు ఉందా? ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వెతుక్కోవాల్సిన పని లేదు.

చిన్న ప్రశ్నకి ఎంత బలం ఉంటుందో చెప్పడానికి నేను పిల్లలకి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది గురించి చెబుతాను. 1926లో ఆస్ట్రియాకి చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటే షూటే-లిహోట్స్కీ, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ళకోసం వంటగది గీశారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ పనికి ఎంతసేపు పడుతోంది అని గడియారం పెట్టి చూసిన లెక్కల్లోంచి వచ్చిన గది అది. రైళ్ళలోని భోజనపు బోగీల వంటగదుల్ని కూడా చూసి నేర్చుకున్నారు. ఆవిడ చేతిలో కంప్యూటర్ లేదు. ప్రశ్న మాత్రం సూటిగా ఉంది. మన పిల్లలు కూడా ఓ పూట వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మో నాన్నో పొయ్యికీ సింకుకీ ఫ్రిజ్‌కీ మధ్య ఎన్నిసార్లు తిరిగారో గీతలు గీసి లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత ప్లాను మీద ఫ్రిజ్ జరిపి, దూరాల్ని గుణించి చూడొచ్చు. ఆ లెక్క చూశాక పిల్లలు మంచినీళ్ళు తమంతట తామే తెచ్చుకోవడం మొదలుపెడితే అది అదనపు లాభం.

జాబితా మూసెయ్యండి, పెట్టెలు ఇవ్వండి

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సామాన్ల జాబితా చూడ్డానికి సౌకర్యమే. అందులో ఉన్న కొలతలు మాత్రం మన ఇంటివి కావు. అందుకే మొదటి కొన్ని వారాలు చిల్లర సామాన్ల విభాగంలో ఉండే మామూలు పెట్టె ఒక్కటే వాడనివ్వండి. పొడవు, వెడల్పు, ఎత్తు పిల్లలే టైపు చెయ్యాలి, పేరు వాళ్ళే పెట్టాలి. బూడిదరంగు పెట్టెలతో నిండిన గది చూడ్డానికి బోసిగా ఉంటుంది. పోనివ్వండి. ప్రతి పెట్టె వెనకా ఒక కొలత ఉంటుంది, ఆ కొలత కోసం వాళ్ళు వంగి, పాకి, అల్మరా వెనక్కి చెయ్యి పెట్టి ఉంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్ళలో ఉండేవి చాలావరకు ఆ జాబితాలో దొరకవు. నవారు మంచం ఉండదు, బిందెల గట్టు ఉండదు, అటక ఉండదు, గోడవారన పేర్చిన పరుపుల దొంతర ఉండదు. జాబితాలో లేనిది గీయకపోతే పిల్లలకి తెలియకుండానే తమ ఇల్లు కాకుండా ఇంకెవరిదో ఇల్లు తయారవుతుంది.

ఆ పరుపుల దొంతర దగ్గర కాసేపు ఆగండి, చాలా నేర్పుతుంది. మన ఇళ్ళలో ఒకే గది పొద్దున చదువుకునే గది, మధ్యాహ్నం భోజనాల గది, రాత్రి పడకగది. పగలు గోడవారన రెండడుగుల మేర ఉన్న దొంతర రాత్రి గదంతా పరుచుకుంటుంది. ఒక్క ప్లాను గీస్తే అది ఏ వేళప్పటి గది? ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ ప్రశ్న వేసి ఊరుకోండి. ఒకరు రెండు ఫైళ్ళు చేస్తామంటారు, పగటిది, రాత్రిది. ఇంకొకరు ఒకే ఫైల్లో రెండు రకాల సామాన్లూ పెట్టి, ఎడమవైపు పట్టికలో ప్రతి వస్తువు ఎదురుగా ఉండే టిక్కు తీసేసి దాచొచ్చని కనిపెడతారు. మోడల్‌లోకి కాలం వచ్చేసింది. పెద్ద క్లాసుల్లో దీన్నే స్థితులు, మార్పులు అని చెబుతారు. పిల్లలకి ఆ పేర్లతో ఇప్పుడే పని లేదు.

గోడ మందం సంగతి ముందే చెప్పకండి

మంచి టీచర్లు ముందే జాగ్రత్తలన్నీ చెబుతారు. ఈ ఒక్క విషయంలో చెప్పకండి. పిల్లలు పడనివ్వండి.

స్వీట్ హోమ్ 3డిలో కొత్త గోడ గీస్తే, మనం మార్చకపోతే, దాని మందం 7.5 సెంటీమీటర్లు, ఎత్తు 250 సెంటీమీటర్లు. మన ఇటుక గోడలు బయటవి తొమ్మిదంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు; లోపలివి నాలుగున్నర అంగుళాలు. కప్పు ఎత్తు సాధారణంగా పదడుగులు, 305 సెంటీమీటర్లు. తెరమీద ఇల్లు మన ఇంటికంటే పొట్టిగా, పలచగా పుడుతుంది. కొందరు వెంటనే పట్టేస్తారు. చాలామంది పట్టరు. తొందరపడకండి.

అసలు కథ గోడ మందం సరిచేశాక మొదలవుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో గోడ గీత గోడ మధ్యలో నడుస్తుంది, మందం సగం అటు, సగం ఇటు. పిల్ల గది లోపల టేపు పెట్టి 305 అని కొలిచింది. తెరమీద గోడ గీతకి కూడా 305 అని కొట్టింది. మందం 7.5 ఉన్నంతసేపు లోపల మిగిలింది 297.5. మందాన్ని నిజాయితీగా 23 చేసేసరికి లోపల 282కి పడిపోయింది. గది లోపల మళ్ళీ క్లిక్ చేసి వైశాల్యం చూస్తే, 9.30 చదరపు మీటర్లు ఉండాల్సింది 7.95 చూపిస్తోంది.

"సార్, నిజం చెప్పాక గది చిన్నదైపోయింది" అంటుంది.

ఇప్పుడు బీరువా లెక్క మళ్ళీ వెయ్యమనండి. 282లోంచి మంచం 198, బీరువా 48 తీసేస్తే మిగిలేది 36. రెక్క 45. తెరుచుకోదు! నిన్న ఔనన్న మోడల్ ఇవాళ కాదంటోంది. గది ఒక్క అంగుళం కదలలేదు, బీరువా కదలలేదు. కొలత సరే, టైపు చేసిన అంకె సరే. కొలిచింది లోపలి అంచునుంచి, గీసింది మధ్యగీతనుంచి. తప్పు ఆ రెంటి సందున దాక్కుంది. ఈ తప్పుని పిల్ల తనంతట తను పట్టుకోవడానికి పూట పట్టినా పట్టనివ్వండి. పట్టుకున్నాక 305కి 23 కలిపి 328 అని కొడుతుంది, గది 305కి వస్తుంది. ఇంక జన్మలో "ఈ కొలత ఎక్కడినుంచి ఎక్కడికి?" అని అడగకుండా ఏ అంకెనీ నమ్మదు.

ఇదే లెక్కతో పెద్దవాళ్ళు లక్షలు పోగొట్టుకుంటారు. ఫ్లాటు కొనేటప్పుడు చెప్పే చదరపు అడుగుల్లో గోడలెంత, మెట్లెంత, కాలు పెట్టే నేలెంత అన్నది తేలక గొడవలు పడతారు. 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియాని నిర్వచించింది: బయటి గోడలు లెక్కలోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. తన గది తెరమీద వంద చదరపు అడుగులనుంచి 85కి జారిపోవడం చూసిన పిల్ల, నాన్న తెచ్చిన బ్రోచరు పట్టుకుని కుదురుగా నాలుగు ప్రశ్నలు అడగగలదు. అడగనివ్వండి.

బ్రోచరు అంటే గుర్తొచ్చింది. ప్లాను బొమ్మని నేపథ్యంగా దిగుమతి చేసుకుని, ఒక గీత గీసి దాని అసలు పొడవు చెబితే మొత్తం బొమ్మకి స్కేలు కుదురుతుంది. ఒక జట్టుని మూడడుగుల తలుపు మీద గీత గీయమనండి, ఇంకో జట్టుని ముప్పై అడుగుల గోడ మీద. ఇద్దరి చెయ్యీ ఒక అంగుళం జారిందనుకుందాం. తలుపు జట్టువాళ్ళ ఇల్లు ముప్పై అడుగుల దగ్గర పది అంగుళాలు తేడా వస్తుంది, గోడ జట్టుకి వచ్చేది ఆ ఒక్క అంగుళమే. ఎందుకో చెప్పక్కర్లేదు, రెండు తెరలూ పక్కపక్కన పెడితే చాలు.

త్రీడీ ఆఖర్న

త్రీడీ భాగాన్ని కిందికి లాగి మూసెయ్యండి. పిల్లలు గోల చేస్తారు. తెరిచే ముందు ఒక షరతు పెట్టండి: ఏం కనిపిస్తుందో ముందు నోటుపుస్తకంలో రాయాలి. గుమ్మంలో నిలబడితే టీవీ కనిపిస్తుందా, బీరువా అడ్డొస్తుందా? నాలుగేళ్ళ తమ్ముడికి కిటికీలోంచి వీధి కనిపిస్తుందా, గోడే కనిపిస్తుందా? రాసినదాని కింద గీత కొట్టాకే త్రీడీ. సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషిని గదిలో నిలబెట్టి, వాడి కళ్ళ ఎత్తు మార్చుకుంటూ నడిపించొచ్చు. తమ్ముడి ఎత్తు కొలిచి పెట్టమనండి.

ఊహ తప్పినప్పుడు పిల్లల మొహంలో వచ్చే చికాకు చాలా విలువైనది. ముందు రాయకుండా చూస్తే ఆ చికాకే రాదు, చూసిందే ఊహించామనుకుంటారు. పిల్లలు ఆదేశాలిచ్చి తెరమీద తాబేలు బొమ్మని నడిపించే లోగో అనే ప్రోగ్రామింగ్ భాషని 1967లో తయారుచేసినవారిలో ఒకరైన సీమోర్ పేపర్ట్, పిల్లలు తెరమీది తాబేలుని నడిపించలేక ఆగిపోయినప్పుడు, తామే తాబేలై గదిలో నడిచి చూడమనేవారు. 1980లో వచ్చిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో దీని గురించి విపులంగా రాశారు. ఒళ్ళు చెప్పిన సంగతి తెర చెప్పినదానితో కలవకపోతే రెంటిలో ఒకటి తప్పు. ఏదో తేల్చుకోవడం పిల్లల పని.

పెద్దవాళ్ళ పట్టింపులన్నీ ఒప్పుకోండి

మంచం తల ఉత్తరానికి పెట్టకూడదని నాయనమ్మ అంటుంది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలంటుంది. ఈశాన్యంలో బరువు పెట్టొద్దంటుంది. సైన్సు టీచర్లు ఇక్కడే వాదనకి దిగుతారు. నా సలహా వేరు: వాదించకండి, రాసుకోండి. ఒక్కోదాన్ని షరతుగా ప్లానులో పెట్టండి. మంచం నాలుగు గోడలకీ ఆనించొచ్చు, తల ఉత్తరానికి వద్దంటే మూడు మిగిలాయి. ఒక గోడకి తలుపుంది, ఇంకోదానికి అల్మరా ఉంది, చివరికి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఏ షరతు ఎంత ఖరీదైనదో పిల్లలకి లెక్కల్లో కనిపిస్తుంది: ఈ ఒక్కటి సడలిస్తే ఎన్ని అమరికలు తెరుచుకుంటాయి, ఆ ఒక్కటి సడలిస్తే ఎన్ని? నాయనమ్మ దగ్గరికి ఆ పట్టిక పట్టుకెళితే ఆవిడే ఏదో ఒకటి సడలిస్తుంది, లేదా సడలించదు. రెండూ పనికొచ్చే జవాబులే.

కంప్యూటర్‌లో గీయడం అనే విద్య పుట్టుకలోనే షరతులున్నాయి. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో తన పరిశోధన కోసం చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో, కాంతి పెన్నుతో తెరమీద గీతలు గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలి, ఇవి సమానంగా ఉండాలి అని చెబితే యంత్రం బొమ్మని సర్దేది. షరతు ఎవరు పెట్టారన్నది దానికి అనవసరం. పిల్లలకి కూడా ఆ గౌరవం నేర్పాలి: ఇంట్లో ఉండేవాళ్ళ కోరిక మోడల్‌లో ఒక అంకెంత గట్టిది.

పరుపు మీద ఎండని అడగండి

ఇది అందరూ వదిలేసే పని, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది. ప్లాను మీద దిక్సూచి గుర్తు ఉంటుంది. దాన్ని తెరిచి ఊరి అక్షాంశం, రేఖాంశం, ఉత్తరం ఎటో పెట్టొచ్చు. ఫోటో తీసే చోట నాణ్యత పై మెట్లలో పెడితే తేదీ, వేళ అడుగుతుంది, ఆ వేళకి ఎండ ఎటునుంచి పడుతుందో లెక్కగట్టి నీడలు గీస్తుంది. బొమ్మ తయారవడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపు పిల్లల్ని ఊహలు రాయమనండి.

ముందు ఉత్తరం కనుక్కోవాలి. పిల్లలు ఫోన్‌లో దిక్సూచి తెరిచి బీరువా పక్కన నిలబడతారు. ఇనుము దగ్గర ముల్లు తప్పుతుంది. గది నాలుగు మూలలా నిలబడి నాలుగు జవాబులు రాసుకున్నాక, మేడమీదికి వెళ్ళాలన్న ఆలోచన వాళ్ళకే రావాలి.

హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. పిల్లలందరూ సూర్యుడు మధ్యాహ్నం దక్షిణంగా ఉంటాడనో, సరిగ్గా నడినెత్తిన ఉంటాడనో అంటారు. జూన్ 21 మధ్యాహ్నం పెట్టి చూడమనండి. నీడలు దక్షిణం వైపు పడతాయి! సూర్యుడు ఉత్తరం వైపు ఆరు డిగ్రీలు ఒరిగి ఉంటాడు. సాఫ్ట్‌వేర్ పాడైందంటారు. పాడవలేదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు. తిరుపతి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ మొదటిది ఏప్రిల్ ఆఖరివారంలోనే వస్తుంది. ఆ నీడలేని క్షణం గడియారంలో పన్నెండు గంటలకి కాకుండా హైదరాబాద్‌లో పన్నెండుంపావుకి కాస్త అటూఇటూగా వస్తుందన్నది ఇంకో చిక్కు. దేశానికంతటికీ పెట్టుకున్న గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డాబా మీద ఒక కడ్డీ నిలబెట్టి, నీడ కొసని సుద్దతో గుర్తుపెట్టమనండి. తెర చెప్పినదీ డాబా చెప్పినదీ కలిస్తే, ఆ రోజు పిల్లలు మోడల్‌ని నమ్మడానికి ఒక కారణం సంపాదించుకున్నారు.

ఇప్పుడు తేదీ డిసెంబర్‌కి మార్చండి. మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉంటే దాని నీడ కిటికీ పైభాగం రెండడుగుల నాలుగంగుళాల మేర కప్పుతుంది. నాలుగడుగుల కిటికీలో మిగిలిన అడుగున్నర చిల్లర గుండా చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. జూన్‌లో అటునుంచి మధ్యాహ్నం చుక్క ఎండ రాదు. సజ్జ కూడా జాబితాలో లేదు, పలచని పెట్టెతో చేసుకోవాల్సిందే. మేస్త్రి సజ్జ ఎందుకు అంత వేస్తాడో చెప్పమంటే వానకనే అంటారు. పిల్లలు రెండో కారణం చెబుతారు.

ఇక ఈ మోడల్‌కి తెలియనివి రాయించండి. ఎదురుగా లేచిన నాలుగంతస్తుల బిల్డింగు దీనికి తెలియదు, మబ్బు తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, వేడి తెలియదు. మే నెలలో రాత్రి పదింటికి తెరమీద గది చీకటిగా, చల్లగా కనిపిస్తుంది. అసలు గదిలో పగలంతా కాగిన స్లాబు ఇంకా సెగలు కక్కుతూ ఉంటుంది. ఎండ ఎక్కడ పడిందన్న ప్రశ్నకి జవాబు చెప్పే మోడల్ ఎంత ఉక్కపోస్తుందన్నదానికి చెప్పలేదు.

బహుమతి పెట్టకండి, మార్కులు వేరేచోట వేయండి

ఉత్తమ గదికి బహుమతి అన్న క్షణంలో పిల్లలు మళ్ళీ పూలకుండీల దగ్గరికి వెళ్ళిపోతారు. తెరమీది బొమ్మకి ఒక్క మార్కు కూడా వేయకండి. నాలుగు సంగతులు రాసిన కాగితానికి వేయండి: అడిగిన ప్రశ్న ఏమిటి, ఏమేం వదిలేశాను, ఏమొస్తుందనుకున్నాను, కొలిస్తే ఏమొచ్చింది. ఊహ తప్పిన పిల్లాడికి మార్కు తగ్గించొద్దు. ఎందుకు తప్పిందో రాసినవాడికి ఎక్కువ వేయండి. ఊరికే ఒప్పైన ఊహకంటే విప్పి చూసిన తప్పు బరువైనది.

చివరి పరీక్ష నేలమీద జరగాలి. బీరువా పెట్టాలనుకున్నచోట దాని కొలతకి న్యూస్‌పేపర్లు అతికించి పరచండి, రెక్క తిరిగే మేర సుద్దతో గీయండి, ఒక రోజంతా ఇంట్లోవాళ్ళందరినీ దాన్ని తొక్కకుండా తిరగమనండి. సాయంత్రానికి చిరిగిన చోట్లు చూస్తే దారి ఎక్కడ అడ్డొచ్చిందో తెలుస్తుంది.

చెయ్యలేని పని ఇవ్వండి

గోదావరి జిల్లాల పిల్లలకి మండువా లోగిలి గీయమనండి. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచిన నడిమి భాగం, నాలుగువైపులనుంచి దానిలోకి వాలిన పెంకుల కప్పు. గదులు సులువుగానే వస్తాయి. కప్పు దగ్గర చిక్కుకుంటారు. ఈ సాఫ్ట్‌వేర్‌లో గోడకి రెండు చివర్లా వేర్వేరు ఎత్తులు పెట్టి గోడని ఏటవాలుగా చెయ్యొచ్చు కానీ, ఇలాంటి కప్పు కుదరడం అంత సులువు కాదు. నాలుగు వాలులు కలిసే మూలలతో కుస్తీ పడతారు. పడనివ్వండి, కానీ కాసేపే. తర్వాత అడగండి: నీ ప్రశ్న ఏమిటి?

వాన పడితే లోగిట్లోకి ఎన్ని నీళ్ళు వస్తాయన్నది ప్రశ్నయితే, పెట్టిన గంగాళాలు చాలతాయా లేదా తేల్చుకోవడమైతే, సాఫ్ట్‌వేర్ మూసెయ్యమనండి. కప్పు గీయాల్సిన అవసరమే లేదు. తెరిచిన నడిమి భాగమూ, లోపలికి వాలిన కప్పు నేలమీద కప్పే మేరా కలిపి ఎన్ని చదరపు మీటర్లో చూసి, కురిసిన వానతో గుణించాలి. వంద చదరపు మీటర్ల మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే వెయ్యి లీటర్లు. అందుకు గళ్ళ నోటుపుస్తకం చాలు. కప్పు వాలు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువొస్తాయి కదా అని ఒకరైనా అడుగుతారు. మీరు నోటితో జవాబు చెప్పకండి. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదున్నప్పుడు ఒక అట్టముక్క ఇచ్చి, దాన్ని వాలుస్తూ కింద పడే నీడని కొలవమనండి.